మూడు వేల లీటర్లు

మా వైపు ఎవరింటికి వెళ్ళినా కంచె దగ్గరే ఆగి చప్పట్లు కొట్టాలి. కుక్కలు మొరిగి మొరిగి అలిసిపోయి, లోపలి మనిషి బయటికొచ్చి రమ్మన్నాకే అడుగు ముందుకెయ్యాలి. నెలిదా కొర్వలాన్ పట్నం మనిషే అయినా నాలుగున్నరేళ్ళలో ఒక్కసారి కూడా ఈ మర్యాద తప్పలేదు. నెలనెలా మొదటి శనివారం పొద్దున ఆమె ట్రక్కు లేపే దుమ్ము కనబడగానే మా ఊరు చన్యార్ సోలోలోని తొమ్మిదిళ్ళలోనూ పొయ్యి మీదికి కెటిల్ ఎక్కేది. అలాంటిది ఆ ఆగస్టులో, మాకది చలికాలం, ఒక మంగళవారం నాడు చెప్పాపెట్టకుండా వచ్చింది. మంగళవారాలు బొగ్గు లారీలు తిరుగుతాయి కాబట్టి దుమ్ము చూసి ఎవరూ లేవలేదు.

ఆమె పక్కసీట్లో ఒక కవరుంది. అందులో ఉన్నవి కాలిగోళ్ళ ఫలితాలు. మనిషి ఒంట్లోకి ఎంత ఆర్సెనిక్ పోయిందో గోళ్ళు దాచిపెట్టుకుంటాయి. నాలుగున్నరేళ్ళ కిందట, తన డ్రమ్ములు పెట్టకముందు, నెలిదా ఊళ్ళో అందరి గోళ్ళూ కత్తిరించి పట్టుకుపోయింది. మళ్ళీ ఈ జులైలో కత్తిరించింది. అప్పుడు ఎర్మెలిందా కూతురు రుఫీనా, "నా కాలిగోళ్ళు కవర్లో దాచుకున్న మగాడు ఇంతవరకు దొరకలేదక్కా, మీరొక్కరే," అని నవ్వించింది కూడా. ఫలితాల్లో పాత అంకె పక్కన కొత్త అంకె తగ్గి ఉండాలి. ఎక్కడా తగ్గలేదు. రుఫీనాది పెరిగింది.

నెలిదా జబ్బుల డాక్టరు కాదు, భౌతికశాస్త్రంలో డాక్టరు. ఎంత చెప్పినా మావాళ్ళు వినరు, నడుం నొప్పులూ పంటి నొప్పులూ ఆమెకే చెప్పుకుంటారు. తుకుమాన్ విశ్వవిద్యాలయంలో ముప్పయ్యేళ్ళపాటు ఆమె చేసిన పనల్లా ఘనపదార్థాల లోపల అణువులు ఎలా సర్దుకుంటాయో చూడడం. ముఖ్యంగా ఇనుప తుప్పు. పల్చటి తుప్పు పొరలు తయారు చేసి, ఎముకలు కొరికే చలిలో పెట్టి, వాటి మీద ఏది అంటుకుంటుందో, ఏది అంటుకోదో చూసేది. ఒకరోజు ఎవరో ఆమె చేతిలో మా ఎర్రమట్టి గుప్పెడు పోశారు. పరీక్ష చేసి చూస్తే అదే తుప్పు, అవే పొరలు. తను ముప్పయ్యేళ్ళు కిందామీదా పడి చేసుకున్నది మా మేకల కాళ్ళ కింద ఊరికే పడుంది.

ఆ మట్టి కిందే విషమూ ఉంది. ఎప్పుడో వేల ఏళ్ళ కిందట అగ్నిపర్వతాల బూడిద వచ్చి మా నేల మీద పడింది. బూడిదలోని ఆర్సెనిక్ మెల్లమెల్లగా బావుల్లోకి దిగింది. నీళ్ళు మాత్రం తేటగా, చల్లగా, ఏ వాసనా లేకుండా ఉంటాయి. నలభయ్యేళ్ళు తాగాక అరచేతుల్లో జొన్నగింజల్లాంటి కాయలు లేస్తాయి. ఆ తర్వాత పుళ్ళు, ఆ తర్వాత కాన్సర్. రుఫీనా తండ్రి డోన్ సెనోన్ అలాగే పోయాడు. సమాధి తవ్వినవాళ్ళు చేతులు కడుక్కున్నదీ, తాగిందీ ఆ బావి నీళ్ళే. వేరే నీళ్ళెక్కడివి?

నెలిదా ఎర్రమట్టిలో ఇనుపరజను కలిపి, కాల్చి, గుళికలు చేసింది. వాటిని నీలం డ్రమ్ములో నింపి, అడుగున కుళాయి పెట్టింది. బస్సులో సీట్లున్నట్టు తుప్పు మీద చోట్లుంటాయి. నీళ్ళు దిగేటప్పుడు ఆర్సెనిక్ ఆ చోట్లలో కూర్చుండిపోతుంది, మంచి నీళ్ళు కిందికొస్తాయి. సీట్లన్నీ నిండాక ఇక ఎక్కినవాడు ఎక్కినట్టే దిగిపోతాడు. లెక్క కట్టి చూస్తే ఒక డ్రమ్ము ఆయుష్షు మూడు వేల లీటర్లని తేలింది. రోజుకు పది లీటర్లు వాడే ఇంటికి పది నెలలు. డ్రమ్ము పెట్టిన రోజున ఇంటింటికీ అదే చెప్పింది. "మూడు వేల లీటర్లు. ఆ తర్వాత ఇది ఉత్త మట్టి. జాగ్రత్తగా వాడుకోండి."

పది నెలలయ్యాక కొత్త మట్టి మూటలు ట్రక్కులో వేసుకుని వచ్చింది. కుళాయి నీళ్ళు పరీక్ష చేస్తే శుభ్రంగా ఉన్నాయి. మూటలు వెనక్కి తీసుకుపోయింది. ఏడాదైంది, రెండేళ్ళయ్యాయి, నాలుగేళ్ళయ్యాయి. తొమ్మిది డ్రమ్ముల్లోనూ నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయి. "అందరూ తాగుతున్నారా?" అని ప్రతి నెలా అడిగేది. "తాగుతున్నాం డాక్టరమ్మా, మీ దయ," అనేవారు.

పాపం, ఆమె తన లెక్కనే అనుమానించింది గానీ మావాళ్ళను అనుమానించలేదు. లెక్క ఎక్కడ తప్పిందని రెండేళ్ళు కూర్చుని ఆలోచించింది. చివరికి ఒక సిద్ధాంతం తట్టింది. మా దగ్గర పగలు నిప్పులు చెరుగుతుంది, తెల్లవారుజామున చలి వణికిస్తుంది. ఆ వేడికీ చలికీ తుప్పు పొర తనంతట తాను సర్దుకుంటుందనీ, పైన కూర్చున్న ఆర్సెనిక్‌ని లోపలికి జరుపుకుని కొత్త చోట్లు ఖాళీ చేస్తుందనీ, మట్టి తన గాయం తానే మాన్పుకుంటుందనీ రాసింది. అందమైన సిద్ధాంతం. పెద్దపెద్దవాళ్ళు మెచ్చుకున్నారు. రాష్ట్ర ప్రభుత్వం వాళ్ళు నాలుగు వందల డ్రమ్ములు చేయించి, ఎవరూ తెరవకుండా సీలు వేసి, మీద 'ఐదేళ్ళు' అని తెల్లరంగుతో రాయించారు. ఆ శుక్రవారమే పంపిణీ సభ. సభకు ముందు ఆరోగ్యం బాగుపడిందని ఒక కాగితం కావాలన్నారు కాబట్టే ఆమె మళ్ళీ గోళ్ళు కత్తిరించింది.

ఎర్మెలిందా ఇంటి కంచె దగ్గర నిలబడి నెలిదా చప్పట్లు కొట్టింది. ఎర్మెలిందా పందిరి కింద పొయ్యి దగ్గరుంది. అప్పుడే బావిలోంచి తోడిన బొక్కెన వంచి కెటిల్ నింపుతోంది. తలెత్తి చూసి, కెటిల్ మీద గబుక్కున కొంగు కప్పినట్టు ఏప్రన్ కప్పింది.

"ఇదేంటి డాక్టరమ్మా, ఇవాళ శనివారం కాదే."

"కాదు ఎర్మెలిందమ్మా. ఊరికే వచ్చాను."

"ఊరికే వచ్చే మనిషేనా మీరు? కూర్చోండి, కూర్చోండి. ఒక్క నిమిషం." అంటూనే ఆ కెటిల్ నీళ్ళు పక్కన పారబోసింది. డ్రమ్ము దగ్గరికి వెళ్ళి, కెటిల్ రెండుసార్లు తొలిచి, కుళాయి తిప్పింది.

"అవెందుకు పారబోశారు?"

"అవి మీక్కాదు."

"మరి ఎవరికి?"

ఎర్మెలిందా కుళాయి కట్టేసింది. అరవయ్యారేళ్ళ మనిషి, అబద్ధమాడ్డం చాతకాదు. శనివారాల్లో ఆడినవి ఆమె లెక్కలో అబద్ధాలు కావు, మర్యాదలు.

"మాకు," అంది.

నెలిదా అక్కడున్న మేకతోలు పీట మీద కూర్చుండిపోయింది. "ఎప్పట్నించి?"

"ఎప్పట్నించేంటి, మొదట్నించీ అంతే. మూడు వేల లీటర్లే అన్నారు కదా మీరు. మేం తాగడానికీ వంటకీ వాడేస్తే పది నెల్లకి అయిపోతుంది. అయిపోయాక ఎవరొస్తారు? గవర్నమెంటోళ్ళు మాకు ఒకసారి ఇచ్చింది రెండోసారి ఇవ్వడం మీరెప్పుడైనా చూశారా?"

"నేను తెచ్చాను కదమ్మా. మట్టి మూటలు తెచ్చాను."

"తెచ్చారు, మళ్ళీ పట్టుకెళ్ళిపోయారు. చూసుకోండి, ఇంకా బాగానే ఉందన్నారు. మేమూ అదే అనుకున్నాం, పొదుపు చేశాం కాబట్టి బాగుంది అని." ఎర్మెలిందా కెటిల్ పొయ్యి మీద పెట్టింది. "ఇంటికొచ్చిన మనిషికి విషమని తెలిసి తెలిసి బావి నీళ్ళు పొయ్యమంటారా? ఫాదర్ గారొస్తారు, పంతులమ్మ వస్తుంది, మీరొస్తారు. మావంటే అలవాటు పడిన ఒళ్ళు."

ఇంట్లోంచి రుఫీనా వచ్చింది. ముప్పయ్యారేళ్ళది, మగ్గం మీద ఉన్ని దుప్పట్లు నేస్తుంది. అరచేతుల్లో కాయలు లేచినప్పట్నించీ దారం చేతికి తగులుకుని తెగుతోందని విసుక్కుంటూ ఉంటుంది. ఇవాళ గుమ్మం పట్టుకుని, కుడికాలు నేలకు ఆనించకుండా నిలబడింది.

"మా అమ్మ ఆ డ్రమ్ముకి తాళం వెయ్యలేదక్కా, అదొక్కటే తక్కువ," అంది. "చిన్నప్పుడు పంచదార డబ్బా కూడా ఇలాగే దాచేది. చుట్టాలొస్తేనే మాకు తీపి."

"కాలికేమైంది?"

"ఏంలేదు. ముల్లు గుచ్చుకుంది."

"ఎప్పుడు?"

"చలికాలంలో." మళ్ళీ తనే, "పోయినేడాది చలికాలంలో," అంది.

మేజోడు విప్పించి చూసింది నెలిదా. మడమ మీద పుండు, అంచులు పైకి లేచి, కాలీఫ్లవర్ ముక్కలా ఉంది. నెలనెలా ఆ శనివారం రుఫీనా మేజోళ్ళు వేసుకుని కూర్చునేది. గోళ్ళు కత్తిరించిన రోజున కూడా మేజోడు చిరుగులోంచి వేళ్ళు మాత్రమే చాపింది. నెలిదా కాలు చూడలేదు, నీళ్ళు చూసింది.

మిగిలిన ఎనిమిదిళ్ళకూ వెళ్ళింది. అన్ని ఇళ్ళలోనూ అదే కథ. ఎవరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుని చేసింది కాదు. ఎవరింట్లో వాళ్ళకే తోచింది, ఇంట్లో ఉన్న మేలైన వస్తువు వచ్చినవాళ్ళకు పెట్టాలని. చన్యార్ సోలోలో నాలుగున్నరేళ్ళు శుభ్రమైన నీళ్ళు తాగినవాళ్ళు ఎవరంటే, ఫాదర్ గారు, పంతులమ్మ, టీకాలమ్మ, మేకల బేరగాళ్ళు, దారి తప్పిన ఇద్దరు వేటగాళ్ళు. వాళ్ళందరికన్నా ఎక్కువ తాగింది నెలిదా కొర్వలాన్. నెలకు తొమ్మిదిళ్ళు, ఇంటికి ఆరేసి గుక్కల మాతే. చేదు ఆకు నీళ్ళని సొరకాయ బుర్రలోంచి గొట్టంతో పీల్చి, బుర్ర వెనక్కిచ్చి, బాగుంది అనేది.

ట్రక్కులో కూర్చున్నాక మొదట ఆమెకు నవ్వొచ్చింది. మట్టి తన గాయం తానే మాన్పుకుంటుందట. వేడీ చలీ కలిసి కొత్త సీట్లు పుట్టించాయట. సీట్లు ఖాళీగా ఉన్నది బస్సు ఎవరూ ఎక్కక. ఇంత చిన్న సంగతి తట్టక, ఇరవై పేజీల సమీకరణాలు రాసింది. ఆ తర్వాత స్టీరింగ్ మీద తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. సిద్ధాంతం పోయినందుకు కాదని తనకు తాను చెప్పుకుంది గానీ, దానిక్కూడా ఏడ్చింది. అబద్ధమెందుకు?

రోడ్డు మీదికొచ్చి, ఫోను పలికే చోట ఆగి, పథకం చూసే ఇంజినీర్ బసాన్‌కి ఫోన్ చేసి అంతా చెప్పింది. ఐదేళ్ళ మాట తప్పు, పది నెలలకోసారి మట్టి మార్చాలి, డ్రమ్ములకు సీలు వెయ్యకూడదు అని చెప్పింది.

"రంగులు కూడా ఆరిపోయాయి కదండీ మేడమ్," అన్నాడాయన. మంచివాడే, గొంతులో నిజంగానే దిగులుంది. "మార్చే పనికి పథకంలో చోటు లేదు. మనుషులు కావాలి, బళ్ళు కావాలి, ఎవరిస్తారు? ఐదేళ్ళు ఎవరూ ముట్టుకోనక్కర్లేదు అన్నారనే పైవాళ్ళు ఒప్పుకుంది. మీరిప్పుడు కాదంటే మొత్తం పోతుంది. కొంచెం ఆలోచించండి. పది నెలలైనా మంచి నీళ్ళు తాగుతారు కదా."

"ఆ తర్వాత నాలుగేళ్ళు మీ తెల్లరంగు చూసుకుని విషం తాగుతారు."

"ఇప్పుడు తాగేదీ అదే కదండీ."

నెలిదా ఫోను పెట్టేసింది. మింగలేక కక్కలేక రెండ్రోజులు గడిపి, గురువారం నాడు ఉత్తరం పంపింది. నా ఫలితం తప్పు, నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను అని. శుక్రవారం సభ జరగనే జరిగింది. అదే షామియానా కింద బస్ షెల్టరుకు శంకుస్థాపన చేశారు. డ్రమ్ములు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. చుట్టుపక్కల ఊళ్ళలో మాత్రం తుకుమాన్ నుంచి ఒకావిడ వచ్చి నోటి దగ్గర కూడు తన్నేసి పోయిందని చెప్పుకున్నారు.

రుఫీనాను తనే ట్రక్కులో ఎక్కించుకుని రాజధాని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. పాదం తీసేస్తే సరిపోతుందేమో అనుకున్నారు. గజ్జల్లోకీ, అక్కణ్ణించి ఊపిరితిత్తుల్లోకీ పాకిందని పరీక్షల్లో తేలాక పాదం జోలికి పోలేదు. ఇంటికి తీసుకుపొమ్మన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు, ఇక్కడ పట్టుకోవడానికి ఆకులు కూడా లేవు.

అప్పట్నించీ ఎర్మెలిందా కూతురికి డ్రమ్ము నీళ్ళే ఇచ్చింది. గాజు గ్లాసులో పోసి, పళ్ళెంలో పెట్టి మరీ ఇచ్చేది.

"చూశారా అక్కా, మా ఇంట్లో నేనే చుట్టాన్నయ్యాను," అంది రుఫీనా, నెలిదా చూడ్డానికి వచ్చినప్పుడు. నవ్వబోతే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక, "ఇంతకీ రుచిలో తేడా ఏం లేదు. నేనేదో తేనెలా ఉంటుందనుకున్నాను," అంది.

"అమ్మ కూడా తాగుతోందా?"

"ఆవిడా? నువ్వూ తాగమ్మా అంటే వినదు. నువ్వు పోయాక తాగుతాలే అనదు కదా పాపం."

నెలిదా పందిరి కిందికెళ్ళి ఎర్మెలిందా చేతులు పట్టుకుంది. కావాలంటే ప్రతి నెలా కొత్త మట్టి తెస్తానంది. చచ్చేదాకా తెస్తానంది. ఎర్మెలిందా ఊఁ కొట్టింది. మా వైపు ఊఁ కొట్టడమంటే మీరు బాధపడకండి అనే గానీ, ఒప్పుకున్నానని కాదు.

మా వైపు ఎండలు ముదిరే నవంబర్లో రుఫీనా పోయింది. మగ్గం మీద సగం నేసిన దుప్పటి అలాగే ఉంది.

మా వైపు మనిషి పోతే తొమ్మిది రోజులు ప్రార్థనలు. అడవి అవతల్నించి కూడా జనం వస్తారు. గుర్రాల మీద, మోటారు సైకిళ్ళ మీద, పిల్లల్ని చంకనేసుకుని నడిచి వస్తారు. వచ్చినవాళ్ళందరికీ మాతే తిప్పాలి, పిల్లలకు నీళ్ళివ్వాలి, మేక కోసి పులుసు వండాలి. నలభై రెండు డిగ్రీల ఎండ. నెలిదా తొమ్మిదో రోజు మధ్యాహ్నానికి వచ్చింది. ట్రక్కు వెనక కొత్త మట్టి మూట ఉంది. పందిరి కింద యాభై మంది దాకా ఉన్నారు. డ్రమ్ము కుళాయి కింద నేల బురదై, ఆ బురదలో కోళ్ళు తిరుగుతున్నాయి. అంత బురద ఆమె ఏ శనివారమూ చూడలేదు.

అలవాటు కొద్దీ సీసాలో కొంచెం నీళ్ళు పట్టింది. పొడి వేసి, మూతికి కాగితం బిగించి, డ్రమ్ము వెనక నీడలో నిలబడింది. ఆర్సెనిక్ ఉంటే కాగితం పచ్చబడుతుంది. ఆ ఇంట్లో అది ఎన్నడూ పచ్చబడలేదు. ఇరవై నిమిషాలకు పండిన మామిడిపండు రంగుకొచ్చింది.

ఆమె బుర్ర వద్దన్నా లెక్క కట్టేసింది. చుట్టాలకూ పక్కాలకూ సగటున రోజుకు లీటరున్నర, నాలుగున్నరేళ్ళు దాటి. రుఫీనా గ్లాసులు. ఈ తొమ్మిది రోజుల జనం, రోజుకు యాభై అరవై లీటర్లు. అటూఇటూగా మూడు వేలు. మొదటి లెక్కే సరైంది. జీవితంలో ఆమె కట్టిన అన్ని లెక్కల్లోనూ ఇంత కచ్చితంగా రుజువైంది ఇదొక్కటే. ఎవరికైనా చెప్పుకుని సంతోషించే సంగతే. ఆమె డ్రమ్ముకు చెయ్యి ఆనించి నిలబడింది.

ట్రక్కులో మట్టి ఉంది, గంటలో మార్చెయ్యొచ్చు. మారిస్తే మళ్ళీ మూడు వేల లీటర్లు. ఎవరికోసం? ఈ ఇంట్లో ఆ నీళ్ళు తాగించాల్సిన మనిషి గాజు గ్లాసులో కొన్నాళ్ళు తాగి వెళ్ళిపోయింది. మిగిలిన మనిషి ఎలాగూ తాగదు.

ఎర్మెలిందా నల్లబట్టల్లో, చేతిలో కెటిల్‌తో వచ్చింది. తొమ్మిది రోజులుగా నిద్ర లేదు, కళ్ళు లోపలికి పోయాయి. నెలిదా కాగితాన్ని గుప్పిట్లో నలిపేసింది.

"నీళ్ళు చూస్తున్నారా డాక్టరమ్మా?"

"ఊఁ."

"కుళాయి కట్టలేదండీ నేను. తొమ్మిది రోజులూ వదిలేశాను. నా బిడ్డ ప్రార్థనలకి వచ్చి ఫలానా ఇంట్లో బావి నీళ్ళు పోశారని ఒక్కరనకూడదనుకున్నాను. చంటిపిల్లలు కూడా ఇదే తాగారు." కెటిల్ చెయ్యి మార్చుకుంది. "దానికి ఇవ్వలేకపోయాను. అది బాగున్నప్పుడు చేతులు రాలేదు నాకు. కనీసం దాని పేరు మీదన్నా పోశాను. బాగున్నాయా నీళ్ళు?"

పందిరి కింద ఎవరో పిల్లాడు దాహమని ఏడుస్తున్నాడు. ఆడవాళ్ళు ప్రార్థన మళ్ళీ అందుకున్నారు. ఎర్మెలిందా ఆమె మొహంలోకే చూస్తోంది.

"బాగున్నాయి ఎర్మెలిందమ్మా," అంది నెలిదా. "చాలా శుభ్రంగా ఉన్నాయి."

ఎర్మెలిందా తలూపి, మాతే బుర్రలో నీళ్ళు పోసి ఆమె చేతికిచ్చింది. నెలిదా అడుగంటా తాగి బుర్ర వెనక్కిచ్చింది. ఎర్మెలిందా దాన్ని మళ్ళీ నింపుకుని, వరసలో తర్వాతి మనిషి దగ్గరికి వెళ్ళింది.